ఆరెంజ్ పై, రాక్ పై, టీవీ బాక్స్: అన్నిటిలో ఒకే లినక్స్ నడపొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా: చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో కొన్నవీ, సెకండ్ హ్యాండ్‌లో దొరికినవీ కలిపి మీ దగ్గర ఐదు ఆర్మ్ బోర్డులున్నాయి (ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం ప్రాసెసర్‌తో నడిచే చిన్న కంప్యూటర్లు). పాత రాస్ప్‌బెర్రీ పై-1 మోడల్ బి, పై-4, ఆరెంజ్ పై పీసీ, రాక్ పై 4, ఆమ్‌లాజిక్ ఎస్905ఎక్స్ చిప్ ఉన్న ఒక టీవీ బాక్స్. పై-4లో చక్కగా నడుస్తున్న ఎస్‌డీ కార్డు తీసి మిగతావాటిలో పెడితే ఒక్కటీ లేవడం లేదు. పీసీలకైతే ఒకే పెన్‌డ్రైవ్ సరిపోతుంది కదా, ఇక్కడెందుకు కుదరదు, అన్నిటిలో ఒకే ఓఎస్ కావాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఓఎస్ ఒకటే పెట్టుకోవచ్చు, కార్డు మాత్రం బోర్డుకొకటి కావాలి. పై-4, రాక్ పై 4, టీవీ బాక్స్ మూడూ 64 బిట్‌వి. వాటికి ఒకే డెబియన్ (ఒక రకం లినక్స్) ఆర్మ్64 రూట్ ఫైల్ సిస్టమ్ (ఓఎస్ ఫైళ్ళన్నీ ఉండే భాగం), ఒకే కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) సరిపోతాయి. ఆరెంజ్ పై పీసీ 32 బిట్ ఆర్మ్ వీ7, దానికి డెబియన్ 32 బిట్ రకమైన ఆర్మ్‌హెచ్‌ఎఫ్. పై-1 ఒక్కటే వేరే దారి, అది ఆర్మ్ వీ6. దానికి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్ పెట్టండి, లేదా నెట్‌బీఎస్‌డీ (లినక్స్ కాని మరో ఉచిత ఓఎస్) పెట్టండి. బోర్డు బోర్డుకీ నిజంగా మారేది రెండే: కార్డు మొదటి కొన్ని మెగాబైట్లలో కూర్చునే బూట్‌లోడర్ (కెర్నల్‌ను లేపే చిన్న ప్రోగ్రాము), ఆ బోర్డు డివైస్ ట్రీ (బోర్డు మీద ఏది ఎక్కడుందో చెప్పే ఫైలు).

కార్డు మారిస్తే ఎందుకు లేవదు

పీసీ మదర్‌బోర్డు మీదే యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఉంటుంది. ర్యామ్‌ను అదే సిద్ధం చేస్తుంది, డిస్క్ అదే వెతుకుతుంది, బోర్డు మీద ఏమేం ఉన్నాయో ఏసీపీఐ పట్టికల్లో రాసి కెర్నల్‌కు అందిస్తుంది. పీసీఐ, యూఎస్‌బీ మీద ఉన్నవి ఎలాగూ అడిగితే తామెవరో చెబుతాయి. మీ బోర్డుల్లో ఈ సదుపాయం లేదు. చిప్ లోపలి ఎస్‌డీ కంట్రోలర్, ఈథర్‌నెట్, సీరియల్ పోర్టు ఏవీ అడిగితే పలికేవి కావు. ఏది ఏ అడ్రస్‌లో ఉంది, దానికి ఏ క్లాక్, ఏ రెగ్యులేటర్, ఏ పిన్ అన్నది ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. ఆ రాతే డివైస్ ట్రీ. దాన్ని కంపైల్ చేస్తే వచ్చే ఫైలు డీటీబీ.

2011కు ముందు లినక్స్‌లో ఈ వివరాలన్నీ బోర్డుకో సీ ఫైలుగా కెర్నల్‌లోనే ఉండేవి. ఆ గందరగోళాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2011లో గట్టిగా తప్పుపట్టాక ఆర్మ్ డెవలపర్లు డివైస్ ట్రీకి మళ్ళారు. 2012 డిసెంబర్‌లో వచ్చిన 3.7 నుంచి వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్‌లను ఒకే కెర్నల్‌తో నడపడం మొదలైంది. 64 బిట్ ఆర్మ్ కూడా ఆ వెర్షన్‌లోనే చేరింది. కాబట్టి కెర్నల్ వైపు నుంచి మీ కోరిక ఎప్పుడో తీరింది. మిగిలిన చిక్కంతా కెర్నల్ కంటే ముందు జరిగేదానిలోనే ఉంది.

చిప్ లోపల చెరపడానికి వీల్లేని చిన్న బూట్ రామ్ ఉంటుంది. కరెంటు రాగానే అది ఎస్‌డీ కార్డులో తనకు తెలిసిన ఒక్క చోటికి వెళ్ళి చదువుతుంది. ఆ చోటు కంపెనీకొక తీరు. ఆల్‌విన్నర్ చిప్ కార్డు మొదలు నుంచి 8 కిలోబైట్ల దగ్గర చూస్తుంది, అంటే సెక్టార్ 16 (ఒక్కో సెక్టార్ 512 బైట్లు). రాక్‌చిప్ సెక్టార్ 64 దగ్గర చూస్తుంది. పై-1లో ముందు లేచేది గ్రాఫిక్స్ ప్రాసెసర్. అది ఫ్యాట్ పార్టిషన్‌లో బూట్‌కోడ్ డాట్ బిన్ అనే ఫైలు వెతుకుతుంది. పై-4లో ఆ పని బోర్డు మీది ఈప్రామ్ (చిన్న మెమరీ చిప్)లోని ప్రోగ్రాము చేసి, కార్డులోంచి స్టార్ట్4 డాట్ ఎల్ఫ్ ఫైలును ఎత్తుకుంటుంది. మీ పై-4 కార్డులో సెక్టార్ 16 దగ్గరా 64 దగ్గరా ఏమీ లేదు. అందుకే ఆరెంజ్ పై, రాక్ పై కనీసం ఎల్‌ఈడీ కూడా మినుకుమనకుండా ఊరుకున్నాయి. బోర్డులు పాడవలేదు, కంగారు పడకండి.

ముందు సీరియల్ కేబుల్ కొనండి

హెచ్‌డీఎమ్‌ఐలో బొమ్మ రావడం లేదని అక్కడే ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. బొమ్మ చిట్టచివర వస్తుంది. అంతకుముందు జరిగేదంతా కనపడేది సీరియల్‌లోనే, అంటే బోర్డు తన సందేశాలను అక్షరాలుగా బయటకు పంపే పోర్టులోనే. ఆర్మ్ బోర్డుల పని ఇది లేకుండా చెయ్యడం గుడ్డిగా తడుముకోవడమే.

యూఎస్‌బీ టు టీటీఎల్ అడాప్టర్ తీసుకోండి, 3.3 వోల్టులది. దాని టీఎక్స్‌ను (పంపే పిన్) బోర్డు ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్), ఆర్‌ఎక్స్‌ను బోర్డు టీఎక్స్‌కు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు కలపాలి. నాలుగో వైరు, ఎర్రది, 5 వోల్టులది, కలపకండి. రాస్ప్‌బెర్రీ పైలలోనూ రాక్ పై 4లోనూ 40 పిన్‌ల వరసలో 6 గ్రౌండ్, 8 టీఎక్స్, 10 ఆర్‌ఎక్స్. పై-1 తొలి బోర్డుల్లో 26 పిన్‌లే ఉన్నా ఈ మూడూ అదే చోట ఉంటాయి. ఆరెంజ్ పై పీసీలో దీనికి విడిగా మూడు పిన్‌ల కనెక్టర్ ఉంది. టీవీ బాక్స్ విప్పితే బోర్డు మీద మూడు నాలుగు ప్యాడ్‌లు వరసగా కనిపిస్తాయి, వైర్లు సోల్డర్ చేసుకోవాలి. చేసేముందు మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూసుకోండి.

స్పీడు (సెకనుకు ఇన్ని బిట్లు) దగ్గర ఒక మెలిక ఉంది. పైలకూ ఆరెంజ్ పైకీ టీవీ బాక్స్‌కూ 115200. రాక్ పై 4కు మాత్రం 1500000. షాపుల్లో ఎక్కువగా చేతిలో పెట్టే మామూలు సీపీ2102 అడాప్టర్ అంత స్పీడు అందుకోదు, తెర మీద చెత్త అక్షరాలు వస్తాయి. సీహెచ్340, ఎఫ్‌టీ232ఆర్, సీపీ2102ఎన్ అందుకుంటాయి. అడిగి తీసుకోండి, లేదంటే బోర్డే పాడైందనుకుని గంటలు పోతాయి. ఇంకో సంగతి: పవర్ తీసేసినా అడాప్టర్ డేటా వైరు గుండా బోర్డులోకి కొంచెం కరెంటు పారుతుంది. దాంతో కొన్ని బోర్డులు పూర్తిగా రీసెట్ కావు. రీబూట్‌లో వింత ప్రవర్తన కనిపిస్తే సీరియల్ వైరు కూడా ఒకసారి పీకి పెట్టండి.

పై-4లో సీరియల్ రావాలంటే కార్డులోని సెట్టింగ్‌ల ఫైలైన కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీలో ఎనేబుల్_యూఆర్ట్=1 అని ఉండాలి. పై-3, పై-4లలో మంచి సీరియల్ పోర్టు బ్లూటూత్‌కు వెళ్ళిపోయి, పిన్‌ల మీదకు మినీ యూఆర్ట్ అనే చిన్న సీరియల్ పోర్టు వస్తుంది. దాని స్పీడు కోర్ క్లాక్‌ను బట్టి మారిపోతుంది, ఈ లైను ఆ క్లాక్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది. బ్లూటూత్ అక్కర్లేకపోతే డిసేబుల్-బీటీ ఓవర్‌లే (డివైస్ ట్రీకి చేర్చే చిన్న అతుకు) పెట్టి మంచి పోర్టునే వెనక్కి తెచ్చుకోండి.

సీరియల్ పెట్టాక ఎక్కడ ఆగిందో చూస్తే ఎవరిది తప్పో తెలిసిపోతుంది. ఒక్క అక్షరం కూడా రాకపోతే బూట్‌లోడర్ తప్పు సెక్టార్‌లో ఉంది, లేదా బూట్ రామ్ వేరే చోట నుంచి చదువుతోంది. "యూ-బూట్ ఎస్‌పీఎల్" (యూ-బూట్ ఈ బోర్డుల్లో వాడే బూట్‌లోడర్, ఎస్‌పీఎల్ దాని తొలి ముక్క) అని వచ్చి ర్యామ్ దగ్గర ఆగితే వేరే బోర్డు బూట్‌లోడర్ రాశారు, లేదా పవర్ చాలడం లేదు. యూ-బూట్ పూర్తిగా వచ్చి నెట్‌వర్క్ బూట్ కోసం తిరుగుతుంటే దానికి బూట్ పార్టిషన్ కనపడలేదు. "స్టార్టింగ్ కెర్నల్" అని వచ్చి నిశ్శబ్దమైతే రెంటిలో ఒకటి: డీటీబీ తప్పు, లేదా కన్సోల్ పేరు తప్పు. ఆల్‌విన్నర్‌కు టీటీవైఎస్0, రాక్ పై 4కు టీటీవైఎస్2, ఆమ్‌లాజిక్‌కు టీటీవైఏఎమ్‌ఎల్0. కెర్నల్ లైనులో ఎర్లీకాన్ అన్న ఒక్క మాట చేర్చి మళ్ళీ చూడండి. డీటీబీ సరైనదైతే తొలి లైన్లు అప్పుడైనా బయటపడతాయి. చివరిగా, రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తున్నానని ఆగిపోతే కార్డుకు కెర్నల్ ఇచ్చే ఎమ్‌ఎమ్‌సీ నంబరు మారింది, లేదా దాని డ్రైవర్ లేదు. రాక్ పైలో ఈఎమ్‌ఎమ్‌సీ (బోర్డు మీది స్టోరేజ్ చిప్) మాడ్యూల్ పెట్టినప్పుడు, తీసినప్పుడు ఎమ్‌ఎమ్‌సీబీఎల్‌కే0, 1 అటూ ఇటూ కావచ్చు. రూట్‌ను ఎప్పుడూ యూయూఐడీతోనే (ఆ పార్టిషన్‌కు మారని గుర్తింపు సంఖ్య) చెప్పండి.

ఏ బోర్డుకు ఏ బూట్‌లోడర్

*ఆరెంజ్ పై పీసీ.* దీనిది ఆల్‌విన్నర్ హెచ్3. యూ-బూట్ సోర్స్‌లో ఆరెంజ్‌పై_పీసీ_డెఫ్‌కాన్ఫిగ్ అనే సిద్ధమైన సెట్టింగ్‌ల ఫైలు ఉంది. ఏ పీసీలోనైనా ఆర్మ్‌హెచ్‌ఎఫ్ క్రాస్ కంపైలర్‌తో (పీసీ మీదే ఆర్మ్ కోసం కంపైల్ చేసేది) కట్టుకోవచ్చు. చివరికి యూ-బూట్-సన్‌ఎక్స్‌ఐ-విత్-ఎస్‌పీఎల్ అనే బిన్ ఫైలు వస్తుంది. దాన్ని డీడీ కమాండ్‌తో బ్లాక్ సైజు 1024, సీక్ 8 ఇచ్చి మొత్తం కార్డు డివైస్ మీద రాయాలి, పార్టిషన్ మీద కాదు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే కార్డును జీపీటీగా (కొత్త రకం పట్టికతో) పార్టిషన్ చెయ్యడం. జీపీటీ పట్టిక సెక్టార్ 2 నుంచి 33 దాకా ఉంటుంది, మీ బూట్‌లోడర్ సెక్టార్ 16 నుంచి మొదలవుతుంది. ఒకటి రాస్తే రెండోది చెడుతుంది. ఆల్‌విన్నర్ కార్డుకు ఎమ్‌బీఆర్ (పాత రకం పట్టిక) వాడి, మొదటి పార్టిషన్‌ను 1 మెగాబైట్ దాటాక మొదలుపెట్టండి.

*రాక్ పై 4.* రాక్‌చిప్ ఆర్‌కే3399. 64 బిట్ కాబట్టి యూ-బూట్ ఒక్కటే చాలదు, ట్రస్టెడ్ ఫర్మ్‌వేర్-ఏ (ఆర్మ్ చిప్‌ల కోసం ఉన్న మరో ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) నుంచి బీఎల్31 అనే ముక్క ముందు కట్టాలి. ఈ చిప్ లోపల ఒక చిన్న కార్టెక్స్-ఎమ్0 ప్రాసెసర్ కూడా ఉంది. అందుకని 64 బిట్ కంపైలర్‌తో పాటు ఆర్మ్-నన్-ఈఏబీఐ కంపైలర్ కూడా ఉండాలి, లేకపోతే బిల్డ్ మధ్యలో అర్థం కాని ఎర్రర్‌తో ఆగుతుంది. యూ-బూట్ కట్టాక ఐడీబీలోడర్ ఫైలును సెక్టార్ 64 దగ్గర, యూ-బూట్ డాట్ ఐటీబీని సెక్టార్ 16384 దగ్గర రాయండి. మొదటి పార్టిషన్ 16 మెగాబైట్ల తర్వాతే మొదలవ్వాలి. ఇక్కడ జీపీటీతో ఇబ్బంది లేదు.

ఈ చిప్‌తో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బూట్ రామ్ ముందు ఎస్‌పీఐ ఫ్లాష్ (బోర్డు మీది చిన్న మెమరీ చిప్), తర్వాత ఈఎమ్‌ఎమ్‌సీ, ఆ తర్వాతే ఎస్‌డీ కార్డు చూస్తుంది. సెకండ్ హ్యాండ్ బోర్డు అంటున్నారు కాబట్టి ఆ ఎస్‌పీఐలోనో ఈఎమ్‌ఎమ్‌సీలోనో పాత కంపెనీ యూ-బూట్ ఉండే అవకాశం ఎక్కువ. మీరు కార్డు మీద ఎంత కొత్తది రాసినా లేచేది ఆ పాతదే. సీరియల్‌లో వచ్చే మొదటి లైనులో యూ-బూట్ వెర్షన్, కట్టిన తేదీ ఉంటాయి. అవి మీరు కట్టినవి కాకపోతే విషయం అదే.

*రాస్ప్‌బెర్రీ పైలు.* ఇవి యూ-బూట్ లేకుండానే నేరుగా కెర్నల్ ఎత్తుకుంటాయి. అయినా కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీలో కెర్నల్ అన్నచోట యూ-బూట్ ఫైలు పేరు రాస్తే పై-4 కూడా మిగతా బోర్డుల దారిలోకి వస్తుంది. డీటీబీని మాత్రం ఫర్మ్‌వేర్ చేతుల మీదుగానే రానివ్వండి. ర్యామ్ ఎంత, మ్యాక్ అడ్రస్ ఏమిటి లాంటివి అది దారిలో అందులో నింపుతుంది.

ఒకే రూట్‌ను మూడు 64 బిట్ బోర్డులకు వాడాలంటే

యూ-బూట్ దాకా వచ్చాక అన్నిటిదీ ఒకే భాష. బూట్ పార్టిషన్‌లో ఎక్స్‌ట్‌లినక్స్ అనే ఫోల్డర్, అందులో ఎక్స్‌ట్‌లినక్స్ డాట్ కాన్ఫ్. కెర్నల్ ఎక్కడ, ఇనిట్ఆర్‌డీ (బూట్ తొలి దశలో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) ఎక్కడ, కెర్నల్ లైను ఏమిటి అన్నవి అందులో నాలుగైదు లైన్లు. కీలకమైనది ఒక్కటి: ఎఫ్‌డీటీ అని ఒక ఫైలు పేరు రాయకుండా ఎఫ్‌డీటీడిర్ అని ఫోల్డర్ పేరు ఇవ్వండి (పై-4కు తప్ప, దాని డీటీబీ పైన చెప్పినట్టు ఫర్మ్‌వేర్ నుంచే వస్తుంది). తాను ఏ బోర్డో యూ-బూట్‌కు తెలుసు, ఆ ఫోల్డర్‌లోంచి తన డీటీబీని తనే ఏరుకుంటుంది. డెబియన్‌లో యూ-బూట్-మెనూ ప్యాకేజీ పెట్టుకుంటే కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఈ ఫైలును అదే రాస్తుంది.

రెండో కీలకం ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, అంటే పైన చెప్పిన ఇనిట్ఆర్‌డీనే. డెబియన్‌లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ సెట్టింగ్‌లో మాడ్యూల్స్=డెప్ అని ఉంటే అది తయారైన బోర్డుకు కావలసిన డ్రైవర్లనే లోపల పెడుతుంది. అలా పై-4లో చేసిన దానిలో రాక్‌చిప్ ఎస్‌డీ డ్రైవర్ ఉండదు, రాక్ పైలో రూట్ దొరక్క ఆగుతుంది. మాడ్యూల్స్=మోస్ట్ అని ఉంచి మళ్ళీ కట్టండి.

మూడోది, కాపీ చేశాక జరిగే తంటా. రెండు బోర్డులకూ ఒకే మెషీన్-ఐడీ ఉంటే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఒకే డీహెచ్‌సీపీ గుర్తింపు పంపుతుంది, రౌటర్ రెంటికీ ఒకే ఐపీ ఇవ్వబోతుంది. కాపీ తీసే ముందు ఈటీసీలోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తీసేసి, మొదటి బూట్‌లో కొత్తవి పుట్టేలా ఏర్పాటు చేసుకోండి.

డెబియన్ ఇన్‌స్టాలర్‌లో ఎస్‌డీ కార్డ్ ఇమేజ్‌లను చూస్తే ఈ విభజన కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. బోర్డు పేరుతో ఒక చిన్న ఫర్మ్‌వేర్ ఫైలు, అందరికీ కలిపి ఒక పార్టిషన్ ఫైలు. రెండూ విప్పి ఒకదాని వెనక ఒకటి అతికిస్తే మీ బోర్డు ఇమేజ్ సిద్ధం. ఇదంతా చేతితో చేసుకునే ఓపిక లేకపోతే ఆర్మ్‌బియన్ (ఇలాంటి బోర్డుల కోసమే తయారుచేసే లినక్స్) ఇమేజ్ తెచ్చుకోండి. ఆరెంజ్ పై, రాక్ పై రెంటికీ బూట్‌లోడర్‌తో సహా వస్తుంది, లోపల ఉన్నది డెబియనో ఉబుంటునో. మొదటిసారి అదే పెట్టి బోర్డు బాగుందని తేల్చుకుని, తర్వాత సొంతంగా కట్టుకోవడం తెలివైన పని.

పై-1 సంగతి, నెట్‌బీఎస్‌డీ సంగతి

డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటే ఆర్మ్ వీ7, పైగా వీఎఫ్‌పీ (దశాంశ లెక్కలు చేసే యూనిట్) వీ3 కావాలి. పై-1లో ఉన్నది ఏఆర్‌ఎమ్1176 కోర్, ఆర్మ్ వీ6, వీఎఫ్‌పీ వీ2. కెర్నల్ ఎలాగోలా లేచినా ఇనిట్ (కెర్నల్ నడిపే మొదటి ప్రోగ్రాము) మొదలవగానే తెలియని ఇన్‌స్ట్రక్షన్ తగిలి చచ్చిపోతుంది. ఇనిట్‌ను చంపబోయారు, ఎగ్జిట్‌కోడ్ చివర 4 అని ప్యానిక్ వస్తే అర్థం ఇదే, 4 అంటే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ సిగ్నల్. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్‌ను ఆర్మ్ వీ6 కోసమే కంపైల్ చేశారు కాబట్టి అది నడుస్తుంది. ఒక జాగ్రత్త: అదే 32 బిట్ ఓఎస్‌ను పై-4లో పెడితే కెర్నల్ 64 బిట్‌ది వస్తుంది, ప్రోగ్రాములు 32 బిట్‌వే ఉంటాయి. యూనేమ్ కమాండ్ ఆర్చ్64 అని చెప్పిందని 64 బిట్ బైనరీలు తెచ్చిపెడితే నడవవు. డీపీకేజీ కమాండ్‌ను దాని ఆర్కిటెక్చర్ ఏమిటో అడగండి, నిజం అది చెబుతుంది.

నేర్చుకోవడం కోసమే అయితే నెట్‌బీఎస్‌డీని మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను. ఒకే సోర్స్‌లోంచి ఆర్మ్ వీ6, వీ7, 64 బిట్ మూడూ కట్టుకోవచ్చు. వాళ్ళ బిల్డ్ డాట్ ఎస్‌హెచ్ స్క్రిప్టుకు మెషీన్ ఈవీబీఆర్మ్ అని, ఆర్కిటెక్చర్ ఆర్చ్64 అనో ఈఆర్మ్‌వీ6హెచ్‌ఎఫ్ అనో ఇస్తే క్రాస్ కంపైలర్‌తో సహా అన్నీ మీ లినక్స్ ల్యాప్‌టాప్ మీదే తనే కట్టుకుంటుంది, రూట్ అధికారం కూడా అడగదు. 64 బిట్ బోర్డులన్నిటికీ కెర్నల్ ఒక్కటే, పేరు జెనరిక్64. 64 బిట్ మద్దతు 2020లో వచ్చిన 9.0తో మొదలైంది, మీరు మాత్రం 10 తీసుకోండి. వాళ్ళ ఇమేజ్ కార్డు మీద రాసి, రాక్ పైకి అయితే దాని యూ-బూట్ పైన చెప్పిన సెక్టార్లలో రాస్తే చాలు. మొదటి బూట్‌లో రూట్ పార్టిషన్‌ను కార్డు నిండా పెంచుకుని తనే రీబూట్ అవుతుంది, అది చూసి పాడైందనుకోకండి.

కానీ ఇంట్లో రోజూ నడవాల్సిన పని అయితే, అంటే ఫైల్ సర్వర్, యాడ్ బ్లాకర్, కెమెరా రికార్డింగ్ లాంటివి, డెబియన్ దగ్గరే ఉండండి. వీడియో డీకోడింగ్, వైఫై చిప్‌ల డ్రైవర్లు, డాకర్ లాంటివి లినక్స్‌లో ఉన్నంతగా బీఎస్‌డీలలో లేవు.

పవర్, వేడి, కార్డు

సాఫ్ట్‌వేర్ తప్పుగా కనిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పవరే. పై-4లో వోల్టేజ్ సుమారు 4.63 కంటే పడితే కెర్నల్ లాగ్‌లో అండర్-వోల్టేజ్ అని వస్తుంది. వీసీజెన్‌సీఎమ్‌డీ కమాండ్‌కు గెట్_థ్రాటిల్డ్ ఇచ్చి చూడండి. 0ఎక్స్0 వస్తే బాగుంది. 0ఎక్స్50000 అంటే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజ్ పడింది, స్పీడు తగ్గింది. 0ఎక్స్50005 అంటే ఈ క్షణంలో కూడా అదే పరిస్థితి. ఫోన్ చార్జర్‌లో 3 ఆంపియర్లని రాసి ఉన్నా, సన్నటి పొడవాటి కేబుల్ మధ్యలోనే అర వోల్టు మింగేస్తుంది. కేబుల్ మార్చడమే ముందు చెయ్యాల్సిన పరీక్ష. పై-4 మొదటి రివిజన్‌లో టైప్-సి రెసిస్టర్ల లోపం ఉండేది, ఖరీదైన ఈ-మార్క్ కేబుల్ పెడితే అసలు పవర్ తీసుకోదు. మామూలు కేబుల్‌తో లేస్తుంది.

ఆరెంజ్ పై పీసీని మైక్రో యూఎస్‌బీ నుంచి నడపలేరు. దానికి 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, పిన్ 4.0 x 1.7 మిల్లీమీటర్ల సన్నది. రౌటర్ అడాప్టర్ల లావు పిన్ అందులో పట్టదు. చాలా రౌటర్ అడాప్టర్లు 12 వోల్టులవి కూడా, కన్వర్టర్ పిన్ పెట్టి దూర్చారంటే బోర్డు పోయినట్టే.

చెన్నైలో మే నెలలో ఏసీ లేని గదిలో 36, 37 డిగ్రీలు మామూలే. పై-4 80 డిగ్రీల దగ్గర స్పీడు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. గదే అంత వేడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో మూసిపెట్టిన బోర్డు ఒక్క కంపైల్‌తో అక్కడికి చేరుతుంది. అల్యూమినియం కేస్ వాడండి. ఆర్‌కే3399కు హీట్‌సింక్ లేకుండా పనే పెట్టకండి, అది పెద్దదే కావాలి. సిస్ ఫోల్డర్ కింద థర్మల్_జోన్0లో టెంప్ ఫైలు చదివితే మిల్లీ డిగ్రీల్లో చెబుతుంది, 62000 అంటే 62 డిగ్రీలు.

కరెంటు పోయిన ప్రతిసారీ ఎస్‌డీ కార్డుకు గండమే. నోఎటైమ్‌తో (ఫైలు చదివిన ప్రతిసారీ సమయం రాయకుండా ఆపేది) మౌంట్ చెయ్యండి, లాగ్‌లు ర్యామ్‌లో ఉంచండి. డేటా రాసే పని ఉంటే రూట్‌ను యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీకి మార్చండి. కొన్ని జేమైక్రాన్ యూఎస్‌బీ-సాటా అడాప్టర్లు యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులకు వేగవంతమైన పద్ధతి) మోడ్‌లో మధ్యమధ్య జారిపోతాయి. అప్పుడు కెర్నల్ లైనులో యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్ కింద ఆ అడాప్టర్ ఐడీ, చివర యూ అక్షరం చేర్చి యూఏఎస్ ఆపెయ్యండి. స్పీడు కొంచెం తగ్గుతుంది, జారడం ఆగుతుంది. కొత్త కార్డు కొన్న వెంటనే ఎఫ్3 టూల్‌తో నిండా రాసి చదివి చూడండి. 64 జీబీ అని రాసి లోపల 8 ఉన్న నకిలీ కార్డు మొదటి వారం బాగానే నడుస్తుంది, అదే దాని ప్రమాదం.

పై-4 వరకు రాస్ప్‌బెర్రీ పైలలో గడియారం చిప్ లేదు. ఇంటర్నెట్ లేకుండా లేస్తే తేదీ వెనకబడి, సర్టిఫికెట్లు చెల్లవని హెచ్‌టీటీపీఎస్ అంతా ఆగుతుంది. డీఎస్3231 మాడ్యూల్ ఐ2సీ పిన్‌లకు పెట్టి ఐ2సీ-ఆర్‌టీసీ ఓవర్‌లే చేర్చండి.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆలోచన ఉంటే: పై-4 చిప్‌లో ఏఈఎస్ (ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) ఇన్‌స్ట్రక్షన్లు లేవు, ఆర్‌కే3399లో ఉన్నాయి. కాబట్టి పై-4లో, ఆ ఇన్‌స్ట్రక్షన్లు లేకున్నా వేగంగా నడిచే అడియాంటమ్ పద్ధతి ఎంచుకోండి, వీపీఎన్‌కు వైర్‌గార్డ్. ముందుముందు పై-5 కొంటే దానిలో ఏఈఎస్ ఉంది. అయితే దాని డిఫాల్ట్ కెర్నల్ 16 కిలోబైట్ల మెమరీ పేజీలు వాడుతుంది. 4 కిలోబైట్ల పేజీలు మాత్రమే ఊహించి కట్టిన కొన్ని ప్రోగ్రాములు అందులో మొదలవకుండానే పడిపోతాయి. కాన్ఫిగ్‌లో కెర్నల్=కెర్నల్8 డాట్ ఐఎమ్‌జీ అంటే సర్దుకుంటుంది.

ఇక టీవీ బాక్స్

దీన్ని చివరికి వదిలెయ్యండి, మొదట ముట్టుకోకండి. ఆమ్‌లాజిక్ బూట్‌లోడర్‌లో ర్యామ్‌ను లేపే బీఎల్2 అనే ముక్క బోర్డును బట్టి ఉంటుంది, దాని సోర్స్ బయట దొరకదు. అందుకే ఈఎమ్‌ఎమ్‌సీలో ఉన్న కంపెనీ పాత యూ-బూట్‌ను చెరపకుండా, దాని ద్వారానే మన కెర్నల్‌ను లేపడం క్షేమం. ఆర్మ్‌బియన్ టీవీ బాక్స్ ఇమేజ్‌ల పద్ధతి ఇదే. కార్డులో ఏఎమ్‌ఎల్_ఆటోస్క్రిప్ట్ అనే ఫైలు ఉంటుంది. చాలా బాక్సుల్లో ఏవీ జాక్ రంధ్రం లోపల చిన్న బటన్ ఉంటుంది, టూత్‌పిక్‌తో నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే యూ-బూట్ ఆ స్క్రిప్టు చదివి, ఇకపై ముందు కార్డు చూడమని తన సెట్టింగ్ మార్చుకుంటుంది. డీటీబీగా ఎస్905ఎక్స్-పీ212తో మొదలుపెట్టండి.

అంతకంటే ముందు మూత తీసి చిప్ మీద పేరు చదవండి. డబ్బా మీద ఎస్905ఎక్స్ అని ఉండి లోపల ఎస్905డబ్ల్యూనో, ఏకంగా రాక్‌చిప్పో ఉండటం, 2 జీబీ అని ఉండి 1 జీబీ తేలడం ఈ సరుకులో మామూలే. వైఫై పనిచేస్తుందన్న ఆశ పెట్టుకోకుండా ఈథర్‌నెట్‌కే సిద్ధపడండి. కార్డు నుంచి లేచాక ఈఎమ్‌ఎమ్‌సీ మొత్తాన్ని డీడీతో పెన్‌డ్రైవ్‌కు బ్యాకప్ తీసుకోండి, ఆ తర్వాతే లోపల రాయడం గురించి ఆలోచించండి. పొరపాటున చెడితే రెండు వైపులా మగ పిన్ ఉన్న యూఎస్‌బీ-ఏ కేబుల్, ఆమ్‌లాజిక్ బర్నింగ్ టూల్, ఆ బాక్స్ అసలు ఫర్మ్‌వేర్ మూడూ ఉంటేనే మళ్ళీ లేపగలరు.

ఇకమీదట బోర్డు కొనేటప్పుడు ర్యామ్, కోర్ల సంఖ్య కంటే ముందు రెండు చూడండి: లినక్స్ అసలు సోర్స్‌లో ఆ బోర్డు పేరుతో డివైస్ ట్రీ ఫైలు ఉందా, యూ-బూట్‌లో డెఫ్‌కాన్ఫిగ్ ఉందా. రెండూ లేకపోతే కంపెనీ ఇచ్చిన ఒక్క కెర్నల్‌కే కట్టుబడి ఉండాలి. ఉదాహరణకు జెట్సన్ నానో బోర్డునే చూడండి, ఎన్‌విడియా ఇచ్చిన సిస్టమ్ 4.9 కెర్నల్, ఉబుంటు 18.04 దగ్గరే ఆగింది.

ముందు ఆరెంజ్ పైతో మొదలుపెట్టండి, ఈ ఐదింటిలో దారి అతి సూటిగా ఉన్నది అదే. సీరియల్ పెట్టాక మొదటి నలభై లైన్లు, కార్డు పార్టిషన్ పట్టిక ఇక్కడ పెడితే ఎక్కడ ఆగిందో చూసి చెబుతాను.